బిగించిన మర్నాడు బోల్టు తల ఎందుకు ఊడింది?

ప్రశ్న:

మాది చిన్న మెషిన్ షాపు. యంత్రాలు తయారు చేసే ఒక కంపెనీకి మైల్డ్ స్టీల్ బ్రాకెట్లు, బుష్‌లో జారే పిన్నులు, అల్యూమినియం హౌసింగులు చేసిస్తాం. వాటికి కావాల్సిన 12.9 గ్రేడ్ బోల్టులు కూడా మేమే తెప్పించి ఇస్తాం. ఇంతకాలం అన్నిటికీ నూనె రాసి పంపేవాళ్లం. ఈమధ్య ‘ప్లేటింగ్ చేయించి ఇవ్వండి’ అన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది టెన్షన్. బాగా మెరుస్తుందని బ్రాకెట్లకు నికెల్ వేయిస్తే, బయట పెట్టిన మూడు నెలలకే చుక్కలు చుక్కలుగా తుప్పు బయటపడింది. వాటికి వెల్డ్ చేసిన ఎం10 స్టడ్డులకు (తల లేని థ్రెడ్ కడ్డీలు) నట్టు సగం దాకా కూడా ఎక్కడం లేదు. బోల్టులకు జింక్ వేయించాం. బిగించినప్పుడు బాగానే ఉన్నాయి, మర్నాడు పొద్దున చూస్తే రెండింటి తలలు ఊడి కింద పడున్నాయి. ప్లేటింగ్ అతను మెటీరియల్ మంచిది కాదంటాడు, బోల్టులు అమ్మినతను ప్లేటింగ్ మీదికి తోస్తాడు. అన్నిటికీ పనికొచ్చే మంచి ప్లేటింగ్ ఏదో ఒక్క పేరు చెప్పండి, చాలు.

సమాధానం:

ముందు బోల్టుల సంగతి. మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు గానీ ఇది ఇవాళే చేయండి. ఆ బ్యాచ్‌లో మిగిలిన బోల్టులన్నీ పక్కన పెట్టించండి, బిగించినవి విప్పించి మార్పించండి. ‘రెండే కదా ఊడాయి, తక్కినవి బాగున్నాయి’ అనుకోవద్దు. తక్కినవి ఇంకా ఊడలేదు, అంతే.

మీ బోల్టులకు పట్టింది హైడ్రోజన్ పెళుసుతనం. ప్లేటింగ్‌కు ముందు పొలుసూ తుప్పూ పోవడానికి పార్టును యాసిడ్‌లో ముంచుతారు. అప్పుడు ఉక్కు మీద సన్నగా బుడగలు లేస్తాయే, అది హైడ్రోజన్. తర్వాత జింక్ ట్యాంకులో కరెంటు పెట్టినప్పుడు కూడా ఆ కరెంటంతా జింక్‌ను దింపడానికే ఖర్చు కాదు, కొంత మళ్లీ హైడ్రోజన్‌నే పుట్టిస్తుంది. అందులో చాలావరకు బుడగలై పైకి పోతుంది. కొంత మాత్రం విడి పరమాణువులుగా ఉక్కులోకి దూరుతుంది. అది చాలా చిన్న పరమాణువు కాబట్టి దానికి ఉక్కు పెద్ద అడ్డం కాదు.

మెత్తటి ఉక్కులో అది చేసే హాని దాదాపు ఏమీ ఉండదు. గట్టి ఉక్కును బిగించి లాగి ఉంచినప్పుడే అసలు కథ. లాగుడు ఎక్కడ ఎక్కువగా ఉంటే, అంటే తల కింద మెడ వంపు దగ్గరా, నట్టులో పడే మొదటి థ్రెడ్ దగ్గరా, లోపలున్న హైడ్రోజన్ మెల్లగా అక్కడికి చేరుతుంది. అందుకే టార్క్ రెంచ్ పెట్టినప్పుడు ఏమీ కాదు. గంటలు గడిచాక, ఒక్కోసారి రోజులు గడిచాక, ఎవరూ ముట్టుకోకుండానే టక్కున తెగుతుంది. అతిగా బిగించడం వల్ల తెగే బోల్టు అలా ఉండదు. అది చేతి కింద ఉండగానే సాగి, మెడ సన్నబడి, మెలితిరిగి తెగుతుంది. ఊడిన తలలు పారేయకుండా ఉంచి ఉంటే భూతద్దం కింద పెట్టి చూడండి. తెగిన ముఖం సాగినట్టు పీచుగా కాక, పగలగొట్టిన కలకండలా పలుకులు పలుకులుగా మెరుస్తుంటే ఇక పెద్దగా అనుమానించక్కర్లేదు.

తప్పెవరిది? బహుశా మీరు పంపిన కాగితానిది. ‘ఎం10 బోల్టులు, జింక్ ప్లేటింగ్’ అని రాసి ఉంటారు. అందులో 12.9 అన్న మాట లేకపోతే ప్లేటింగ్ అతను వాటినీ మామూలు బోల్టుల్లాగే బ్యారెల్‌లో, అంటే ట్యాంకులో తిరిగే పీపాలో, వేసి తిప్పి ఉంటాడు. 12.9లో మొదటి సంఖ్య బోల్టు బలాన్ని చెబుతుంది, అంటే 1200 మెగాపాస్కల్స్. గట్టిదనం, దాన్ని కొలిచే విక్కర్స్ లెక్కలో, 385 నుంచి 435 మధ్య ఉంటుంది. సుమారు 390 విక్కర్స్ దాటిన బోల్టులకు కరెంటుతో ప్లేటింగ్ చేస్తే బేకింగ్ తప్పనిసరి అన్నది ఈ రంగంలో అందరూ పాటించే హద్దు. 8.8 బోల్టు ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది, అందుకే దానికి ఈ బాధ లేదు.

బేకింగ్ అంటే ప్లేటింగ్ ట్యాంకులోంచి తీసిన నాలుగు గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, 190 నుంచి 220 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర కనీసం 8 గంటలు, ఇలాంటి గట్టి సరుకుకు 24 గంటల దాకా ఉంచడం. మెరిసే జింక్ పూత బాగా చిక్కగా ఉంటుంది, దాన్ని దాటి హైడ్రోజన్ బయటికి రావడానికి అంతసేపు పడుతుంది. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. జింక్ మీద పసుపు రంగు పాసివేషన్, అంటే జింక్ త్వరగా పోకుండా రసాయనంలో ముంచి తెచ్చే పల్చటి పొర, వేసేది బేకింగ్ అయ్యాకే. ముందే వేసి ఓవెన్‌లో పెడితే ఆ పొర ఎండి బీటలు వారుతుంది, దాని పని అక్కడితో సరి. ఇప్పుడు ‘పాత బోల్టులను బేక్ చేయించి వాడేద్దామా’ అని మీకు అనిపించవచ్చు. వద్దు. ఆలస్యంగా చేసే బేకింగ్ హైడ్రోజన్‌ను తీసేసినా, అప్పటికే పడిన సన్నటి పగుళ్లను అతికించలేదు.

నా మాటగా అయితే 12.9 బోల్టులను కరెంటు ప్లేటింగ్‌కు పంపనే పంపకండి. బేకింగ్ చేసినా అది ముప్పును తగ్గిస్తుందే గానీ ఓవెన్‌లో నిజంగా ఎన్ని గంటలు ఉంచారో బోల్టును చూసి మీరు చెప్పలేరు. వాటికి జింక్ ఫ్లేక్ పూత అడగండి. సన్నటి జింక్, అల్యూమినియం రేకుల పొడిని బైండర్‌లో (అంటిపెట్టుకునే ద్రవంలో) కలిపి, బోల్టులను అందులో ముంచి, గిర్రున తిప్పి వదిలించి, ఓవెన్‌లో ఆరబెడతారు. కరెంటు లేదు. ముందు శుభ్రం చేయడం కూడా యాసిడ్‌తో కాక షాట్ బ్లాస్టింగ్‌తో, అంటే సన్నటి గుళ్లు వేగంగా కొట్టించి, చేయిస్తే హైడ్రోజన్ బెడద ఉండదు. ఆ బోల్టులు యంత్రం లోపల నూనె తగిలే చోట ఉండేవే అయితే పాత పద్ధతిలో నల్లగా, నూనెతో ఉంచినా సరిపోతుంది. స్ప్రింగులు, సర్‌క్లిప్పులు, హార్డెన్ చేసిన వాషర్లు ఎప్పుడైనా ప్లేటింగ్‌కు పంపాల్సి వస్తే వాటికీ ఇదే జాగ్రత్త.

ఇక మీ నికెల్ బ్రాకెట్లు. అన్నిటికీ పనికొచ్చే పేరు ఒకటి చెప్పమన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

పూతలు తుప్పును ఆపే దారులు రెండు. ఒకటి, తాను ముందు కరిగిపోయి లోపలి ఉక్కును కాపాడటం. జింక్ చేసేది అదే. రెండోది, గోడలా నిలబడి నీటిని లోపలికి రానివ్వకపోవడం. నికెల్, క్రోమియం, రాగి, తగరం ఉక్కు మీద ఈ రెండో పనే చేస్తాయి. మొదటి రకానికి గీత పడ్డా పరవాలేదు. చుట్టుపక్కల ఉన్న జింక్ ఆ గీతలోని ఉక్కుకు బదులు తాను పోతుంటుంది. రెండో రకానికి గీతే ప్రాణాంతకం. నికెల్ ఉక్కు కంటే ‘పెద్దింటి’ లోహం, అది కరగదు. అందులో సూదిమొన అంత రంధ్రం ఉన్నా, ఆ రంధ్రంలో కనబడే కాస్త ఉక్కే, చుట్టూ ఉన్న నికెల్ అంతటికీ బదులు తాను కరగాలి. అందుకే పూత లేని ఉక్కు ఒళ్లంతా సమంగా ఎర్రబడితే, పల్చటి నికెల్ వేసిన ఉక్కును తుప్పు చుక్కలు చుక్కలుగా లోతుకు తింటుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. జింక్ వేసిన ముక్క ఒకటి, నికెల్ వేసిన ముక్క ఒకటి తీసుకోండి. స్క్రైబర్‌తో రెండింటి మీదా ఉక్కు కనబడేదాకా గీత గీయండి. ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, ఆరిపోకుండా నాలుగైదు రోజులు ఉంచి విప్పండి. జింక్ ముక్క మీద గీత చుట్టూ తెల్లటి పొడి, గీతలో మాత్రం ఉక్కు దాదాపు అలాగే. నికెల్ ముక్క మీద గీత పొడుగునా ఎర్రటి చార.

మీ బ్రాకెట్ మీద చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో ఒకసారి చూడండి. లోపలి మూలల్లో, మడత లోపలి వైపు, రంధ్రాల గోడల మీద అయి ఉండాలి. కరెంటు బయటికి పొడుచుకొచ్చిన అంచులకూ మూలలకూ ఎక్కువగా పారుతుంది, లోపలికి పోయిన చోట్లకు తక్కువ. అంచు మీద 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పడితే లోపలి మూలలో అందులో చిన్న వంతే పడొచ్చు. గేజ్‌ను చదునైన చోట పెట్టి ‘పది మైక్రాన్లు ఉంది, ఓకే’ అని రిపోర్ట్ రాస్తే ఆ మూల సంగతి ఎవరికీ తెలియదు.

‘మరి బండ్లకు వేసే క్రోమ్ ఏళ్లకేళ్లు నిలుస్తుంది కదా’ అంటారేమో. అక్కడ కంటికి కనబడే క్రోమియం అర మైక్రాన్ కూడా ఉండదు, మెరుపు చెడకుండా, గీతలు పడకుండా కాస్తుంది, అంతే. కాపాడేది దాని కింద 20 నుంచి 40 మైక్రాన్ల దాకా వేసే నికెల్. అదీ రెండు పొరలు. కింది పొరలో గంధకం దాదాపు ఉండదు, పై మెరుపు పొరలో కాస్త ఉంటుంది. గంధకం ఉన్న పై పొర కింది పొర కంటే తేలిగ్గా కరుగుతుంది కాబట్టి, తుప్పు పై నుంచి వచ్చి కింది పొర తగలగానే లోతుకు పోకుండా పక్కకు తిరుగుతుంది. ఎవరో చాలా తెలివిగా ఆలోచించారు. మీకు వేసింది మాత్రం ఒకే పల్చటి మెరుపు పొర అయి ఉంటుంది. గది లోపల పెట్టే వస్తువుకు అది చాలు, వానలో ఉండే బ్రాకెట్‌కు చాలదు.

కాబట్టి బయట ఉండే బ్రాకెట్లకు జింక్. ఎంత మందం అన్నది ఎక్కడ ఉంటాయన్న దాన్ని బట్టి. గాలిలో జింక్ ఏడాదికి ఎంత అరుగుతుందో ఐఎస్‌వో 9223 ప్రమాణంలో తరగతులుగా ఇచ్చారు. మధ్యరకం వాతావరణానికి, అంటే సీ3కి, 0.7 నుంచి 2.1 మైక్రాన్లు. ఉప్పుగాలి, ఫ్యాక్టరీ పొగ బాగా తగిలే సీ5కి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. లెక్క మీరే వేసుకోండి. 8 మైక్రాన్ల జింక్ మొదటి చోట సుమారు నాలుగేళ్ల నుంచి పదకొండేళ్లు వస్తుంది, రెండో చోట రెండేళ్లు కూడా కష్టం. మామూలుగా దొరికే మందాలు 5, 8, 12, 25 మైక్రాన్లు. మీ పార్టు ఆరుబయటే ఉండేదైతే 12 అడగండి. సముద్రం గాలి తగిలే చోటికైతే 12 నుంచి 15 శాతం నికెల్ కలిసిన జింక్-నికెల్ మిశ్రమ పూత అడగండి. అదీ ఉక్కుకు బదులు తాను పోయే రకమే, కాకపోతే చాలా నిదానంగా పోతుంది. పెద్ద పెద్ద ఫ్రేములు, స్తంభాలు అయితే 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్‌లో ముంచే హాట్ డిప్ వేరే దారి. మీ బ్రాకెట్ సైజుకూ థ్రెడ్లకూ అది మోటు పని అవుతుంది.

ప్లేటింగ్ షాపులో మీకు గంటల లెక్క చెబుతారు, సాల్ట్ స్ప్రేలో 96 గంటలు, 200 గంటలు అని. 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటి పొగను ఆపకుండా చల్లే పరీక్ష అది. ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ తేడా పట్టుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. ‘ఇన్ని గంటలంటే ఇన్నేళ్లు’ అని ఎవరైనా లెక్క కట్టి చెబితే మాత్రం తలూపి ఊరుకోండి. బయట వాన పడుతుంది, ఎండుతుంది, ఆ తడీపొడిలో జింక్ మీద గట్టి పొర ఏర్పడుతుంది. పెట్టెలో దానికి ఆ అవకాశమే ఉండదు. గంటలు అడిగేటప్పుడు తెల్ల తుప్పు దాకానా, ఎర్ర తుప్పు దాకానా అన్నది కూడా అడగాలి. తెల్లది జింక్ పోతోందని, ఎర్రది జింక్ అయిపోయి ఉక్కు మొదలైందని.

రంగు గురించి రెండు మాటలు. పసుపుగా, ఇంద్రధనుస్సు ఛాయలతో మెరిసే పాత పాసివేషన్‌లో హెక్సావేలెంట్ క్రోమియం ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. యూరప్‌కు పోయే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామగ్రిలో 2006 జూలై నుంచి దానికి అడ్డుకట్ట పడింది. ఇప్పుడు ట్రైవేలెంట్ పాసివేషన్ దొరుకుతుంది, నీలిఛాయ తెలుపులో గానీ, కాస్త మందమైన పొరతో లేత రంగుల్లో గానీ. పసుపే కావాలని కస్టమర్ పట్టుబడితే రంగు కలిపి ఇస్తారు. కాబట్టి రంగు చూసి రసాయనం కనిపెట్టలేం. కాగితం మీద రాయించుకోవాల్సిందే.

స్టడ్డుకు నట్టు ఎక్కకపోవడం లెక్కల తప్పు. గుండ్రటి కడ్డీ మీద పూత వేస్తే వ్యాసం పూత మందానికి రెండింతలు పెరుగుతుందని అందరికీ తెలుసు. థ్రెడ్ అలా కాదు. దాని పక్కలు వాలుగా ఉంటాయి, 60 డిగ్రీల కోణం. ఆ వాలు మీద పడిన పూత పిచ్ వ్యాసాన్ని, అంటే థ్రెడ్ పక్కల నడిమి దగ్గర కొలిచే వ్యాసాన్ని, తన మందానికి నాలుగింతల మేర పెంచుతుంది. ఎం10 మామూలు పిచ్ 1.5 మిల్లీమీటర్లు. మీ స్టడ్డు 6జీ ఫిట్‌లో చేసి ఉంటే నట్టుకూ దానికీ మధ్య ప్లేటింగ్ కోసమని వదిలిన సందు 32 మైక్రాన్లు. నాలుగుతో భాగిస్తే 8 మైక్రాన్లు. అంటే 8 మైక్రాన్ల జింక్ దాకా స్టడ్డు ఎలా ఉన్నా నట్టు ఎక్కాలి. మీ నికెల్ 15 మైక్రాన్లు పడి ఉంటే థ్రెడ్ 60 మైక్రాన్లు లావెక్కింది. పైగా థ్రెడ్ కొసలు పొడుచుకొచ్చిన అంచులే కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువే. ఇక నట్టు ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది?

డై పెట్టి మళ్లీ థ్రెడ్ తిప్పితే ఎక్కుతుంది, నిజమే. చాలాచోట్ల చేసేదీ అదే. కానీ పూతనంతా గీకేసి, సరిగ్గా తుప్పు పట్టే చోట ఉక్కును బట్టబయలు చేసినట్టే. బ్రాకెట్‌కు 12 మైక్రాన్ల జింక్ కావాలంటే లెక్క ప్రకారం 48 మైక్రాన్ల సందు కావాలి. స్టడ్డును ముందే ఆ మేరకు సన్నగా కట్ చేయించండి, లేదా థ్రెడ్ మీద మాత్రం 8 మైక్రాన్లు దాటొద్దని డ్రాయింగ్‌లో రాయండి. డ్రాయింగ్‌లో ఉన్న కొలతలు ప్లేటింగ్‌కు ముందువా, తర్వాతవా అన్నది కూడా రాయండి. సగం గొడవలు ఆ ఒక్క ముక్క లేకనే వస్తాయి.

పిన్నుల సంగతి వేరు. వాటిని చంపేది తుప్పు కాదు, అరుగుదల. దీనికి రెండు దారులున్నాయి.

హార్డ్ క్రోమ్ పాతకాపు. 850 నుంచి 1000 విక్కర్స్ దాకా గట్టిదనం, కంచు బుష్‌లో హాయిగా జారుతుంది. కానీ పార్టు మీద సమంగా పడే అలవాటు దానికి లేదు. అంచుల దగ్గర ఉబ్బుతుంది, గాడిలోకీ రంధ్రంలోకీ దిగదు. అందుకే కాస్త మందంగా వేయించి, గ్రైండింగ్ చేసి సైజుకు తెచ్చుకోవాలి. నున్నటి నిలువు పిన్ను అయితే ఇదే మేలు. ఆ ట్యాంకులో కరెంటు ఎక్కువ భాగం, పదింట ఎనిమిది వంతులకు పైనే, క్రోమియంకు కాక హైడ్రోజన్‌కే పోతుంది కాబట్టి బోల్టుల దగ్గర చెప్పిన బేకింగ్ గొడవ ఇక్కడా ఉంది.

రెండోది ఎలక్ట్రోలెస్ నికెల్. కరెంటు ఉండదు. 90 డిగ్రీలకు దగ్గరగా వేడి చేసిన ద్రావణంలో ముంచితే రసాయన చర్యతోనే నికెల్, ఫాస్ఫరస్ కలిసి దిగుతాయి. ద్రావణం తగిలిన చోటల్లా ఒకే మందం పడుతుంది, ఆయిల్ రంధ్రం లోపల కూడా. మీ పిన్నులకు అడ్డంగా ఆయిల్ రంధ్రం, ఒంటి మీద గాడి ఉంటే కళ్లు మూసుకుని ఇది ఎంచుకోవచ్చు. గ్రైండింగ్ కూడా అక్కర్లేదు. వేసిన వెంటనే గట్టిదనం సుమారు 500 విక్కర్స్. 400 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచితే 900 దాటి క్రోమ్‌కు పోటీ వస్తుంది.

కానీ ఆ 400 డిగ్రీల దగ్గర ఆగి ఆలోచించండి. మీ పిన్నులు కేస్ హార్డెన్ చేసినవైతే, అంటే పై పొరను మాత్రం గట్టిపరిచినవైతే, వాటి టెంపరింగ్ (గట్టిపరిచాక పెళుసుతనం తగ్గడానికి మళ్లీ వేడి చేయడం) 150 నుంచి 200 డిగ్రీల మధ్య జరిగి ఉంటుంది. వాటిని 400కు తీసుకుపోతే పైన పూత గట్టిపడుతుంది, కింద పిన్ను మెత్తబడుతుంది. పరుపు మీద గాజు పలక పరిచినట్టు. బరువు పడగానే పలక పగులుతుంది. క్రోమ్ తర్వాత చేసే బేకింగ్‌కూ ఇదే పరిమితి, టెంపరింగ్ వేడిని దాటకూడదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసినవాళ్ల దగ్గర టెంపరింగ్ ఎన్ని డిగ్రీల్లో చేశారో అడిగి, ఆ అంకె పట్టుకునే ప్లేటింగ్ షాపుకు వెళ్లండి.

అల్యూమినియం హౌసింగులకు ప్లేటింగ్ అక్కర్లేదు, అనోడైజింగ్ చాలు. అది పైన వేసే పూత కూడా కాదు, అల్యూమినియం ఒంటినే ఆక్సైడ్‌గా మార్చడం. మామూలు రకం 25 మైక్రాన్ల లోపు, హార్డ్ అనోడైజింగ్ 50 దాకా. హార్డ్ రకంలో సుమారు సగం లోపలికి, సగం బయటికి పెరుగుతుంది. 50 మైక్రాన్లు వేయిస్తే బేరింగ్ కూర్చునే బోర్ వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది, బేరింగ్ ఇక దిగదు. ఆ బోర్‌ను మాస్క్ చేయించండి (పొర పడకుండా కప్పించండి), లేదా ముందే పెద్దగా బోర్ చేయండి. ఆక్సైడ్ కరెంటును పోనివ్వదు, ఎర్తింగ్ వైర్ బిగించే చోటును కూడా మాస్క్ చేయాలి. డై కాస్టింగ్ హౌసింగ్ అయితే అందులో సిలికాన్ ఎక్కువ, అనోడైజింగ్ బూడిద రంగు మచ్చలతో వస్తుంది. ముందు ఒక ముక్కతో ట్రయల్ చూడండి. స్టీల్ ఇన్సర్టులు ఏమైనా ఉంటే అనోడైజింగ్ అయ్యాకే బిగించాలి, ముందు బిగిస్తే ఆ యాసిడ్ ట్యాంకు వాటిని తినేస్తుంది.

ప్లేటింగ్ అతనికి చెప్పాల్సినవన్నీ మీ డ్రాయింగ్‌లో ఉండాలి అన్నాను కదా, నాకు ఆ బుద్ధి ఎలా వచ్చిందో చెబుతాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో రెండు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుల్లో అక్కడక్కడా వెల్డ్ చేసిన పార్టులు జింక్‌కు పంపాను. తళతళలాడుతూ వచ్చాయి, ప్యాక్ చేసి పంపేశాం. రెండు వారాలకు ఫోన్. జాయింట్ పొడుగునా తెల్లగా, గోధుమరంగుగా కారి, అట్టపెట్టెలు కూడా తడిసిపోయాయట. రేకుల మధ్య సందులో యాసిడ్ దూరి కూర్చుంది, ఎన్నిసార్లు కడిగినా పోలేదు, తర్వాత తీరిగ్గా బయటికి వచ్చింది. ప్లేటింగ్ వాళ్లను తిట్టి లాభం లేదు, సందు వదిలింది నేను. మీ బ్రాకెట్‌లో అలాంటి జాయింట్ ఉంటే చుట్టూ పూర్తిగా వెల్డ్ చేసి మూసేయండి, లేదా ప్లేటింగ్ అయ్యాక జోడించండి. ఒకవైపు మూసి ఉన్న లోతు రంధ్రాలున్నా ఇదే చిక్కు. మరో వైపు చిన్న రంధ్రం పెడితే ద్రావణం కారిపోతుంది.

బ్రాకెట్ డ్రాయింగ్ మీద నేనైతే ఇలా రాస్తాను: ‘మైల్డ్ స్టీల్. వెల్డింగ్ తర్వాత జింక్ ప్లేటింగ్, కనీసం 12 మైక్రాన్లు. గీతలు గీసి చూపిన ముఖాల మీద, మడత లోపలి మూలతో సహా కొలవాలి. స్టడ్డు థ్రెడ్ మీద 8 మైక్రాన్లు మించకూడదు. ట్రైవేలెంట్ పాసివేషన్. కొలతలన్నీ ప్లేటింగ్ తర్వాతవి. ర్యాక్‌కు తగిలించే చోటు: వెనక రంధ్రం.’ చివరి ముక్క చాలామంది రాయరు. ట్యాంకులో పార్టులను వేలాడదీసే ర్యాక్ కొక్కెం పట్టుకున్న చోట పూత పడదు, అది ఎక్కడుండాలో మీరు చెప్పకపోతే ముందు ముఖం మీదే ఉంటుంది. పార్టులు పంపేముందు వెల్డింగ్ చిటుకులు, స్లాగ్ గీకించండి, బర్ తీయించండి. గ్రైండింగ్ గీత ఏదైనా ఉంటే అది పూత కింద దాగదు, ఇంకా మెరిసి కనబడుతుంది.

తిరిగొచ్చిన జింక్ పార్టులను బాగా ఆరకుండా, ఒకదానికొకటి ఆనించి ప్లాస్టిక్ కవర్‌లో మూసేస్తే నాలుగు రోజుల్లో తెల్ల తుప్పు వస్తుంది. మధ్యలో పొడి కాగితం పెట్టండి.

మీ దగ్గర మిగిలిన నికెల్ బ్రాకెట్ల మీద జింక్ వేయించి కప్పేద్దామనుకోకండి. జింక్ కరిగిపోయాక కింద మళ్లీ అదే నికెల్, అదే రంధ్రాలు. నికెల్ పూర్తిగా తీయించి కొత్తగా జింక్ వేయించండి. అప్పటికే గుంటలు పడ్డవాటిని తుక్కులో వేయండి. ఇంకా చుక్క కూడా కనబడనివి ఉంటే, పొడిగా ఉండే గది లోపల బిగించే యంత్రాలకు, నట్టు ఎక్కే స్టడ్డులున్నవి మాత్రం, కస్టమర్‌కు చెప్పి ఇవ్వండి.